నాలుగు వందల యాభై

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర
నూట ఇరవై సెకన్లకి
ప్రజ్వల్ పేరులో వత్తు జారిపోయింది.
పచ్చ దీపం పడేలోపు
క్రీము గులాబీలు పక్క సీట్లోకి దిగాయి.
ఐదేళ్ళ పిల్లాడి పుట్టినరోజుకి
సగం డబ్బులే చేతికొచ్చాయి.
మిగతా సగంతో పాటు
మాటా అక్కడే వదిలేసి వచ్చాను.

బానెట్ కింద అప్పటికే వారంగా
ఎవరో గోళ్ళతో రేకు గీరుతున్న చప్పుడు.
రెండుసార్లు గ్యాస్ కొట్టించాను.
రెండుసార్లూ ఆ చల్లదనం
చుట్టంలా మూడు రోజులుండి
చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆటోనగర్‌లో ఏసుపాదం గారి షెడ్డుకి బోర్డు లేదు,
గోడకి ఆనించిన లారీ తలుపే గుర్తు.
స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్ మీద పెట్టి
పిడి చెవికి ఆనించుకున్నాడు.
కళ్ళు మూసుకున్నాడు.
నా గుట్టేదో వింటున్నట్టు
నాకే సిగ్గేసింది.

"లోపల పట్టేసిందమ్మా.
కొత్తది పద్దెనిమిది వేలు.
పాత సామాన్లలో ఆరు వేలకి దొరుకుద్ది,
దాని ఆయుష్షు నేను రాసివ్వలేను.
బండి మొత్తం అమ్మితే ఎంతొస్తది?"
నలభై వేలన్నాను.
యాభై అందామని నోటిదాకా వచ్చింది.
"ముక్కుపుడక కోసం ముక్కు తాకట్టు పెడతామా?"

బేరింగు మార్చాడు.
గీరుడు ఆగింది.
కంప్రెసర్ చచ్చిపోయే ఉంది,
దాని మెడలో చక్రం మాత్రం
బెల్టు తెగకుండా ఉత్తినే తిరుగుతుందట.
వైరు పీకి నల్ల టేపు చుట్టాడు.
"మీట నొక్కితే దీపం వెలుగుద్ది, అంతే.
దాన్ని చూసి మోసపోకండి."

నాలుగు వందలిస్తానన్నాను.
నవ్వలేదు, విసుక్కోలేదు.
ఆ యాభైకి రెండు కప్‌కేకులు తెమ్మన్నాడు,
పంచదార తక్కువేసి.

వన్‌టౌన్‌లో వట్టివేళ్ళ కట్ట కొన్నాను.
పాత లంగా చింపి సంచి కుట్టి
తడిపి, బ్లోయరు మూతికి కట్టాను.
కేకుకి థర్మాకోల్ పెట్టె,
చుట్టూ రాయిలా గడ్డకట్టిన మజ్జిగ ప్యాకెట్లు.
తిరిగొచ్చేటప్పటికి కరుగుతాయి,
బ్యారేజీ పక్కన ఆపి తాగుతాను.
పేర్లు ఇప్పుడు ఇంట్లో రాయను.
వాళ్ళ గుమ్మం ముందు హ్యాండ్‌బ్రేకు వేసి
ఒళ్ళో పెట్టె పెట్టుకుని
వత్తులతో సహా అక్కడే రాస్తాను.
ఒకసారి వాచ్‌మన్ టార్చి పట్టుకుని
దీర్ఘం మర్చిపోయానని చెప్పాడు.

రోళ్ళు పగిలే ఎండ.
అద్దాలు దింపితే కృష్ణ మీంచి వచ్చేది
నీటి గాలి కాదు, ఇసుక గాలి.
గుణదల మలుపులో చెమట కంట్లో పడితే
భుజంతో తుడుచుకుంటాను, గేరు వదలకుండా.
చెయ్యి ఇంకా అలవాటుగా మీట మీదికి పోతుంది.
దీపం వెలుగుతుంది.
మోసమని తెలుసు.
భవానీపురం దాకా వెలిగించుకునే నడుపుతాను.

మొన్న ఒకావిడ ఫోన్ చేసింది,
కేకులో ఏం కలిపారు,
తడి మట్టి వాసనొచ్చిందని.
తప్పయిపోయిందండీ అనబోతున్నాను.
ఇంకో కిలో కావాలంది.

కప్‌కేకులు ఇవ్వడానికి వెళ్ళాను.
ఏసుపాదం గారు ఒకటి తిని
రెండోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.
"వానలు మొదలైతే అద్దం లోపల మసకేస్తది,
ఏసీ లేని బండి కదా.
గడ్డం సబ్బు పలచగా రాసి తుడవండి.
ఇంట్లో ఉండే ఉంటది."

ఉండదని చెప్పలేదు.
దార్లో కొట్టు దగ్గర ఆపి
చిన్నది ఒకటి కొని
డాష్‌బోర్డు అరలో పడేశాను.

మే ఇంకా పదహారు రోజులుంది.